అన్ని చోట్లా ఉన్నాం, అడిగేవారే లేరు

ప్రశ్న

మా అన్నయ్య, నేను కలిసి పిల్లలకు స్టడీ టేబుళ్లు తయారు చేయించి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. పిల్లలు ఎదిగేకొద్దీ బల్ల ఎత్తు కూడా పెంచుకోవచ్చు. ఆరేళ్ల వయసులో కొంటే హైస్కూలు ముగిసే వరకూ అదే సరిపోతుంది. కొన్నవారు బాగుందనే అంటున్నారు. ఈ మధ్య రెండు చిన్న కార్యాలయాల వారు పెద్దలకు సరిపోయే బల్లలు చేసిస్తారా అని అడిగి మరీ తీసుకున్నారు.

మాకు దుకాణం లేదు. ప్రచారమంతా సామాజిక మాధ్యమాల్లోనే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఎక్స్ (పాత ట్విట్టర్), లింక్డిన్, పింటరెస్ట్ అన్నింటిలో ఖాతాలు తెరిచాం. ఒకే ఫొటో, దాని కింద అవే నాలుగు మాటలు ఆరింటిలోనూ పెడతాను. రోజుకు రెండు మూడు గంటలు దీనికే పోతున్నాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో 8 వేల మంది ఫాలోవర్లు ఉన్నారు, కానీ వారిలో బల్ల కొన్నవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇప్పుడందరూ చిన్న వీడియోలే చూస్తున్నారు, మన బలమంతా అక్కడే పెట్టాలి అని అన్నయ్య అంటాడు. ఏ ఒక్కటీ వదలకూడదు, ఎవరు ఎక్కడ తగులుతారో చెప్పలేం అని వ్యాపారం తెలిసిన ఒక పెద్దాయన అంటారు. నాకు మాత్రం ఓపిక అయిపోతోంది. మాలాంటి వ్యాపారానికి ఏ వేదిక సరైనది? మిగతావి మూసేయమంటారా?

ఒక పాఠకురాలు

సమాధానం

జవాబు ముందే చెప్పేస్తాను. పిల్లల బల్లలకు మీరు ప్రధానంగా నమ్ముకోవలసింది యూట్యూబ్. దానికి తోడుగా ఫేస్‌బుక్ గ్రూపులు గానీ, ఫొటోలు వెతికి దాచుకునే పింటరెస్ట్ గానీ ఏదో ఒకటి చాలు. ఆ రెండింటిలో ఏదన్నది మీ పాత కొనుగోలుదారులే తేలుస్తారు. కార్యాలయాల బల్లలకు లింక్డిన్, అదీ మీ అన్నయ్యగారి సొంత పేరుతో. ఇన్‌స్టాగ్రామ్‌ను వదలనక్కర్లేదు, కానీ రోజూ దాని మీద పెడుతున్న శ్రమ తగ్గించాలి. ఎక్స్‌ను పక్కన పెట్టేయండి. ఇలా ఎందుకు అంటున్నానో వివరంగా రాస్తాను. రేపు మీరు మరో వస్తువు అమ్మడం మొదలుపెడితే ఈ పేర్లన్నీ మారిపోవచ్చు, ఎంచుకునే పద్ధతి మాత్రం అప్పుడు కూడా పనికొస్తుంది.

మన కస్టమర్లు ఏ వేదిక మీద ఉన్నారు అనే ప్రశ్నతోనే చాలామంది మొదలుపెడతారు. మీరిద్దరూ, ఆ పెద్దాయనా వాదించుకుంటున్నది కూడా దాని గురించే. చిక్కు ఏమిటంటే, దానికి దాదాపు ఎప్పుడూ అన్నింటి మీదా ఉన్నారనే జవాబు వస్తుంది. అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2023లో అక్కడి పెద్దలను అడిగితే 83 శాతం మంది యూట్యూబ్, 68 శాతం ఫేస్‌బుక్, 47 శాతం ఇన్‌స్టాగ్రామ్ వాడుతున్నామని చెప్పారు. మూడింటినీ కూడితే నూరుకు ఎంత పైన ఉందో చూడండి. ఒకే మనిషి రెండు మూడు చోట్ల కనిపిస్తున్నారన్నమాట. ప్రపంచం మొత్తం మీద నెలకు ఒక్కసారైనా ఫేస్‌బుక్ తెరిచేవారు 300 కోట్లు దాటారు. అంతమందిలో మీకు కావలసినవారు తప్పకుండా ఉంటారు. అయితే వారు అక్కడ ఉన్నంత మాత్రాన ఆ సమయంలో బల్ల మాట వినడానికి సిద్ధంగా ఉన్నారని అర్థం కాదు.

వయసు, ఆడా మగా, చదువు లెక్కలు పనికిరావని అనడం లేదు. ఏది వద్దో తేల్చుకోవడానికి అవి బాగా ఉపయోగపడతాయి. అదే సర్వేలో 18 నుంచి 29 ఏళ్ల వారిలో 78 శాతం ఇన్‌స్టాగ్రామ్ వాడుతుంటే, 65 దాటిన వారిలో వాడేది 15 శాతమే. స్త్రీలలో 50 శాతం, పురుషులలో 19 శాతం పింటరెస్ట్ వాడుతున్నారు. డిగ్రీ చదివిన వారిలో 53 శాతం లింక్డిన్ వాడుతుంటే, హైస్కూలుతో చదువు ఆపినవారిలో వాడేది 10 శాతమే. పదవీ విరమణ చేసినవారికి నేరుగా ఏదైనా అమ్మదలచినవారిని ఇన్‌స్టాగ్రామ్ దగ్గర ఆగి ఆలోచించమనడానికి ఆ ఒక్క అంకె చాలు. ఇవి అమెరికా లెక్కలు కాబట్టి మీ కొనుగోలుదారులు ఉన్నచోట అంకెలు వేరుగా ఉంటాయి. పైగా మీ సంగతి వేరు. మీ బల్ల కొనేవారు ముప్పై, నలభైల్లో ఉన్న తల్లిదండ్రులు. ఆ వయసువారు ఈ పెద్ద వేదికలన్నింటిలోనూ కనిపిస్తారు. అందుకే వయసు లెక్క మీ చిక్కును విప్పదు.

వార్తాపత్రికలు, రేడియో, టీవీల మీద పరిశోధన చేసినవారు 1970లలో ఒక మంచి ప్రశ్న వేశారు. మాధ్యమం మనుషులను ఏం చేస్తోంది అని అడిగే బదులు, మనుషులు ఆ మాధ్యమంతో ఏ పని చేయించుకుంటున్నారు అని అడగాలన్నారు. మీరు కూడా అలాగే అడగండి. ఎనిమిదేళ్ల కూతురున్న ఒక తల్లిని తీసుకోండి. పొద్దున ఆఫీసులో లింక్డిన్ తెరిచినప్పుడు ఆమె ఉద్యోగిగా ఉంటుంది. తన రంగంలో ఎవరు ఎక్కడికి మారారో, ఏ కంపెనీ మనుషులను తీసుకుంటోందో చూస్తుంది. రాత్రి పిల్ల పడుకున్నాక ఇన్‌స్టాగ్రామ్ తెరుస్తుంది. అలసట తీరడానికి వేలితో ఒక్కొక్క వీడియోనూ పైకి తోసేస్తూ ఉంటుంది. అందులో మీ బల్ల కనిపిస్తే, బాగుందే అనుకుని గుండె గుర్తు నొక్కి ముందుకు వెళ్లిపోతుంది. అదే తల్లి, పాప మెడ వంచి నేల మీద కూర్చుని రాస్తుంటే చూసి, మర్నాడు యూట్యూబ్‌లో ఎనిమిదేళ్ల పిల్లలకు బల్ల ఎంత ఎత్తుండాలి అని టైపు చేస్తుంది. నాలుగు రోజుల తరువాత ఫేస్‌బుక్‌లోని తల్లుల గ్రూపులో, మీలో ఎవరైనా ఎత్తు మార్చుకునే టేబుల్ కొన్నారా, ఊగుతుందా అని అడుగుతుంది. మనిషి ఒక్కరే, ఫోనూ ఒక్కటే. బల్ల గురించి చెబితే చెవి ఒగ్గి వినేది మాత్రం ఆఖరి రెండు చోట్లే.

మీ ఇన్‌స్టాగ్రామ్ 8 వేల లెక్కకూ, కొన్నవారి లెక్కకూ మధ్య ఉన్న దూరానికి కారణం ఇదే. మీ ఫొటోలు బాగాలేవని కాదు, మీ బల్లలో లోపమూ కాదు. చెవిపోగులు, ఫోను కవర్లు, గోడకు తగిలించే బొమ్మల వంటివి చూడగానే మనసవుతాయి, పెద్దగా ఆలోచించకుండా కొనేస్తారు. అలాంటి వస్తువులకు ఇన్‌స్టాగ్రామ్ చక్కగా పనిచేస్తుంది. మీ బల్ల అలాంటిది కాదు. ఏళ్లకు ఒకసారి కొనేది. ఇంట్లో ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటే తప్ప కొనరు. గదిలో పడుతుందా, స్క్రూలు మనమే బిగించుకోగలమా, పిల్లవాడు ఎక్కి నిలబడితే విరుగుతుందా, నిజంగా అన్నేళ్లు వస్తుందా అని సవాలక్ష అనుమానాలు. ఈ అనుమానాలు తీరే చోటే మీ అమ్మకం జరుగుతుంది. కాబట్టి వేదికను ఎంచుకునేటప్పుడు మీ వస్తువు కొనాలనే ఆలోచన ఎవరికి ఏ సందర్భంలో పుడుతుంది, పుట్టిన తరువాత మొట్టమొదట వారి చెయ్యి ఎటు వెళుతుంది అన్నదే చూడండి.

ఇది ఊహించి రాసుకోవలసిన పని కాదు. మీ దగ్గర ఇప్పటికే కొన్నవారి ఫోను నంబర్లు ఉన్నాయి. ఈ వారం రోజూ పెట్టే పోస్టులు ఆపేసి, ఆ గంటల్లో వారికి ఫోన్ చేయండి. మీరు ఏ సామాజిక మాధ్యమాలు వాడతారు అని మాత్రం అడగకండి. అన్నీ వాడతామంటారు, మీకు ఒరిగేదేమీ ఉండదు. ఇలా అడగండి: బల్ల కావాలని మొదటిసారి అనిపించినప్పుడు ఇంట్లో ఏం జరిగింది? వెంటనే ఎక్కడ వెతికారు, ఏ మాటలతో వెతికారు? ఎవరినైనా అడిగారా, ఎక్కడ అడిగారు? మాది కాక ఇంకేవి చూశారు? కొనే ముందు ఏ అనుమానం ఆపింది, అది ఎలా తీరింది? చివరికి సరే అన్నది ఇంట్లో ఎవరు? జవాబులను మీ మాటల్లోకి మార్చకుండా వారి మాటల్లోనే రాసుకోండి. ఒకావిడ మా వాడు మంచం మీద బోర్లా పడుకుని హోంవర్క్ చేస్తాడండీ అన్నారనుకోండి, ఆ వాక్యాన్ని అలాగే ఉంచండి. మీ తరువాతి వీడియోకు అంతకంటే మంచి శీర్షిక మీరూ నేనూ కూర్చుని ఆలోచించినా దొరకదు. ఎంతమందికి ఫోన్ చేయాలంటే, కొత్త సంగతులు రావడం ఆగి చెప్పినవే మళ్లీ వినిపించే దాకా చేయండి. అడిగాక కొననివారి నంబర్లు ఉంటే వారికీ చేయండి. వారి జవాబులు ఇంకా విలువైనవి.

ఈ ఫోన్లలో మరో విషయం కూడా తేలుతుంది. బల్ల దగ్గర కూర్చునేది బిడ్డ, వెతికేది ఒకరు, డబ్బు కట్టేది మరొకరు కావచ్చు. తాతయ్యలు, అమ్మమ్మలు పుట్టినరోజు కానుకగా కొన్నవీ బయటపడవచ్చు. మీరు మాట్లాడవలసింది వెతికే మనిషితో. ఇక్కడ తయారీదారులు తరచూ దారి తప్పుతారు. పిల్లల వస్తువు కదా అని బొమ్మలు, గంతులు వేసే పాటలు, గారాల గొంతుతో వీడియోలు చేస్తారు. యూట్యూబ్‌లో ఇది ఇబ్బంది తెచ్చిపెడుతుంది. 2020 జనవరి నుంచి ప్రతి వీడియోనూ పిల్లల కోసం చేశామా లేదా అన్నది చెప్పి తీరాలి. పిల్లల కోసమని గుర్తించిన వీడియోలకు కామెంట్లు ఉండవు, చూసేవారి అభిరుచిని బట్టి చూపే ప్రకటనలూ ఉండవు. మీరు తల్లిదండ్రుల కోసమని గుర్తు పెట్టినా, వీడియో చూడబోతే పిల్లలకే అన్నట్టు ఉంటే యూట్యూబ్ ఆ గుర్తును మార్చేయగలదు. అప్పుడు, ఇది పదేళ్ల వాడికి సరిపోతుందా అని అడగాలనుకున్న తండ్రికి అడిగే చోటే ఉండదు. కాబట్టి వీడియోలో పిల్లలు కనిపించవచ్చు గానీ, మాట మాత్రం పెద్దవారితో పెద్దవారు మాట్లాడినట్టే ఉండాలి.

యూట్యూబ్‌నే మొదట ఎందుకు పెట్టానంటే, జనం అక్కడికి కాలక్షేపానికి ఎంతగా వెళతారో, ఏదైనా ఎలా చేయాలో, ఏది కొనాలో తెలుసుకోవడానికీ అంతగానే వెళతారు. మీ బల్ల గురించిన అనుమానాలన్నీ చూస్తే తీరేవి, వింటే తీరేవి కావు. ఊగదు అని ఎన్నిసార్లు రాసినా నమ్మరు. నిండుగా నీళ్లున్న గ్లాసును బల్ల మీద పెట్టి, ఒక చివర మోచేతులు ఆనించి రాస్తూ, నీళ్లు తొణకకపోవడం ఒక్క నిమిషం పాటు కోత లేకుండా చూపిస్తే నమ్ముతారు. పైగా అక్కడ మంచి వీడియో ఏళ్ల తరబడి వెతుకులాటలో దొరుకుతూనే ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ 24 గంటల్లో మాయమవుతుంది. మీలాంటి ఇద్దరు మనుషుల వ్యాపారానికి ఇది చిన్న తేడా కాదు. ఈ రోజు పడిన కష్టం వచ్చే ఏడాది కూడా పనిచేయాలి.

మొదటి వీడియో ఇలా చేయండి. మీ బల్ల గురించి కాక, బిడ్డకు సరైన ఎత్తు ఎలా కొలవాలో చూపించండి. కుర్చీలో కూర్చున్న బిడ్డ పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, ఆనకపోతే కింద పీట వేయాలి. భుజాలు వదులుగా దించి మోచేతులు మడిస్తే, ఆ మోచేతులు ఉన్న ఎత్తులోనే బల్ల ఉపరితలం ఉండాలి. కొలత టేపుతో నేల నుంచి మోచేయి దాకా కొలిచి ఆ అంకె పలకండి. తరువాత, ఇంట్లో ఇప్పటికే ఉన్న భోజనాల బల్లతో అదే బిడ్డను కూర్చోబెట్టి భుజాలు ఎంత పైకి లేస్తున్నాయో చూపండి. చివర్లో మాత్రమే మీ బల్లను ఆ ఎత్తుకు దించి చూపండి. మీ బల్ల కొనకపోయినా చూసినవారికి ఉపయోగపడే వీడియో ఇది. అందువల్లే ఒకరికొకరు పంపుకుంటారు. రెండో వీడియో బిగింపు మీద, మూడోది మూడు నాలుగేళ్లుగా వాడుతున్న ఒక ఇంట్లోని బల్ల మీద, గీతలూ మరకలూ దాచకుండా.

నెల రోజుల తరువాత యూట్యూబ్ అనలిటిక్స్ తెరిచి చూపరులు ఎక్కడి నుంచి వచ్చారో చూడండి. యూట్యూబ్‌లో వెతికి వచ్చినవారు ఎంతమంది, ఏ మాటలతో వెతికారు అన్నది అక్కడ కనిపిస్తుంది. ఆ మాటలే మీ తరువాతి వీడియోల జాబితా. చూసినవారు 200 మందే అయినా, వారిలో ఎక్కువమంది వెతుక్కుని వచ్చినవారైతే దిగులు పడకండి. బల్ల కావాలనుకుంటున్న 200 మంది, తోసుకుంటూ పోయే 20 వేల మంది కంటే మీకు దగ్గరివారు.

తోడు వేదిక సంగతి. మీ ఫోన్ల జవాబుల్లో ఫలానా గ్రూపులో అడిగాను అనే మాట పదేపదే వస్తే ఫేస్‌బుక్ గ్రూపులు. గది సర్దుకోవడానికి ఫొటోలు వెతికాను, చిన్న గదిలో బల్ల ఎక్కడ పెట్టాలో చూశాను అనే మాట వస్తే పింటరెస్ట్. రెండింటి నడక వేరు. గ్రూపులో మీరు అతిథి. నియమాలు చదివి, అమ్మకం మాట ఎత్తకుండా, ఎత్తు గురించో వెలుతురు గురించో అడిగినవారికి తెలిసినది చెప్పండి. ఏ బల్ల తయారు చేస్తామో దాచవద్దు, డబ్బా కొట్టుకోవద్దు. వీలైతే, కొన్నవారిని మీ అనుభవం అక్కడ రాయండి అని అడగండి. వారు నచ్చని సంగతి రాసినా వెళ్లి వాదించకుండా, ఏం చేయగలరో చెప్పండి. చదివేవారు మీ బల్లతో పాటు మిమ్మల్నీ చూస్తారు. పింటరెస్ట్‌లో మాటల కంటే నిలువు ఫొటో ముఖ్యం. ఖాళీ తెల్లని నేపథ్యంలో తీసిన బల్ల కంటే, కిటికీ పక్కన, పుస్తకాలతో, నిజమైన గదిలో ఉన్న బల్ల ఫొటోనే తమ ఖాతాలో దాచుకుంటారు. ప్రతి ఫొటోకూ మీ వెబ్‌సైటులో అదే బల్ల ఉన్న పేజీ లింకు పెట్టండి. ముఖపేజీకి తీసుకెళితే సగంలో వెనక్కి పోతారు. ఒక హెచ్చరిక: పింటరెస్ట్ వాడకం ఒక దేశానికీ మరో దేశానికీ చాలా తేడాగా ఉంటుంది. మీ కొనుగోలుదారుల నోట ఒక్కసారి కూడా ఆ పేరు రాకపోతే నా సలహా పక్కన పెట్టి వారి మాట వినండి.

ఇక కార్యాలయాలు. ఇది మీకు రెండో వ్యాపారం అనే అనుకోండి, ఒకే ఖాతాలో కలపకండి. పిల్లల గదుల ఫొటోల మధ్య ఆఫీసు బల్ల చూసిన మేనేజరు, వీరు మా పని చేయగలరా అని సందేహిస్తారు. లింక్డిన్ 2003లో ఉద్యోగుల కోసమే మొదలైంది, 2023లో సభ్యులు 100 కోట్లకు చేరారు. ఆ సంఖ్య కంటే మీకు పనికొచ్చేది మరొకటి ఉంది. అక్కడ చాలామంది తమ హోదా, కంపెనీ తామే రాసి పెడతారు, కంపెనీ ఎంత పెద్దదో దాని పేజీలో ఉంటుంది. మరే వేదిక మీదా ఇంత సూటిగా తెలియదు. చిన్న కార్యాలయంలో బల్లలు కొనాలా వద్దా అని తేల్చేది యజమానే. కొంచెం పెద్దదైతే పరిపాలన చూసేవారో, మానవ వనరుల విభాగమో. వారికి బిడ్డ మోచేతి ఎత్తు కథ అక్కర్లేదు. పది బల్లలు ఎన్ని రోజుల్లో ఇస్తారు, బిగించడానికి పని ఎంతసేపు ఆపాలి, మోటారో పిడో పాడైతే ఎవరు వస్తారు, బిల్లు సరిగా ఇస్తారా అన్నవే కావాలి.

మీ అన్నయ్యగారిని సొంత పేరుతో రాయమన్నది ఎందుకంటే, లింక్డిన్‌లో జనం కంపెనీ పేజీల కంటే మనుషుల మాటలకే ఎక్కువ బదులిస్తారు. మీరు ఇప్పటికే బల్లలు అమర్చిన ఆ రెండు కార్యాలయాలనూ అనుమతి అడిగి, ఒకదాని కథ వివరంగా రాయమనండి: వారు ఏం అడిగారు, గది కొలతల వల్ల ఏ మార్పు చేయవలసి వచ్చింది, ఎన్ని గంటల్లో బిగించారు. ముందు, తరువాత ఫొటోలు. వారానికి ఒకటి రాసినా చాలు. ఇంకో రెండు మూడు ఆర్డర్లు వచ్చే వరకూ ఇంతకంటే సమయం దీనికి ఇవ్వవద్దు. మీ చేతులు రెండే.

వాట్సాప్ మీ జాబితాలో లేకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. బహుశా వాడుతూనే ఉండి, దాన్ని వేదికగా లెక్కపెట్టలేదేమో. కొత్తవారిని వెతకడానికి అది పనికిరాదు గానీ, అనుమానం ఉన్నవారిని కొనే దాకా చెయ్యి పట్టి తీసుకెళ్లేది అదే. వ్యాపారాల కోసం విడిగా ఒక యాప్ 2018 నుంచి ఉంది. అందులో ఫొటోలు, ధరలతో మీ బల్లల జాబితా పెట్టుకోవచ్చు. మీ వీడియోల కిందా, పేజీల మీదా మీ వాట్సాప్ లింకు కూడా ఇవ్వండి, గది ఫొటో పంపితే బల్ల పడుతుందో లేదో చెబుతామని రాయండి. అలా ఫొటో పంపినవారు సగం కొన్నట్టే. ఒకేసారి చాలామందికి పంపే మామూలు బ్రాడ్‌కాస్ట్ సందేశాలు మాత్రం మీ నంబరును ఫోనులో దాచుకున్నవారికే చేరతాయి. ఆ నియమం మంచిదే అంటాను, అడగనివారికి పంపే అలవాటు మీకు పట్టదు.

ఎక్స్‌లో నడిచేవి వార్తలు, రాజకీయాలు, ఆటలు, వాదోపవాదాలు. బల్ల కొనేవారు అక్కడ బల్ల కోసం రారు. స్నాప్‌చాట్ ప్రధానంగా కుర్రకారుది. టిక్‌టాక్ కొన్ని దేశాల్లో అసలు అందుబాటులోనే లేదు, ఉన్నచోట మీ అన్నయ్యగారి వాదనకు నేను చెప్పబోయే జవాబే దానికీ వర్తిస్తుంది.

ఆయన మాటలో నిజం ఉంది. చిన్న వీడియోలను వేదికలు ఫాలోవర్లు కానివారికి కూడా విరివిగా చూపిస్తాయి, కాబట్టి మీ పేరు ఎన్నడూ విననివారికి అవి పరిచయం చేస్తాయి. పరిచయమైన వెంటనే కొంటారని అనుకోవడం దగ్గరే మా ఇద్దరికీ తేడా. అందుకని ఆయనతో వాదించకుండా పరీక్ష పెట్టండి. యూట్యూబ్ వీడియోలో నుంచి అత్యంత బలమైన ముప్పై సెకన్లు తీయండి, ఆ నీళ్ల గ్లాసు ముక్క సరిపోతుంది. దాన్ని నిలువుగా కత్తిరించి ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్‌గా, యూట్యూబ్‌లో షార్ట్‌గా పెట్టండి. షార్ట్‌కు మీ పెద్ద వీడియోను జతచేసే వీలుంది, తప్పకుండా చేయండి. రెండు నెలల పాటు ప్రతి చోటా వేరువేరు లింకులు ఇవ్వండి, ఏ లింకు నుంచి ఎవరు వచ్చారో వెబ్‌సైటు లెక్కల్లో విడివిడిగా తెలుస్తుంది. లింకు చెప్పనిదాన్ని మనిషి చెబుతారు కాబట్టి, ఆర్డరు ఇచ్చిన ప్రతి ఒక్కరినీ మొదట మమ్మల్ని ఎక్కడ చూశారు, కొనాలని ఎక్కడ నిశ్చయించుకున్నారు అని రెండు ప్రశ్నలు అడగండి. ఈ రెండింటికీ తరచూ వేరు జవాబులు వస్తాయి. రీల్‌లో చూసి, యూట్యూబ్‌లో నమ్మకం కుదిరి, వాట్సాప్‌లో కొన్నవారు ఎక్కువైతే అన్నయ్యగారిదీ గెలుపే.

ఈ లోగా ప్రకటనల మీద డబ్బు పెట్టకండి. పెట్టాలని మనసు లాగితే ముందు, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని మెటా నడిపే యాడ్ లైబ్రరీ చూడండి. మీలాంటి బల్లలు అమ్మేవారు ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఇప్పుడు ఏ ప్రకటనలు నడుపుతున్నారో, ఏ తేదీ నుంచి నడుపుతున్నారో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. నెలల తరబడి ఆపకుండా నడుస్తున్న ప్రకటన ఉంటే, దాని వల్ల వారికి ఏదో దక్కుతోందనే అనుకోవచ్చు. వారు ఎవరితో ఏ అనుమానం గురించి మాట్లాడుతున్నారో గమనించండి.

మిగతావి మూసేయాలా అన్నారు. ఖాతాలు తీసేయవద్దు, మీ పేరు మరొకరు తీసుకునే ప్రమాదం ఉంది. ఎక్స్‌లోనూ, మీరు ఎంచుకోని తోడు వేదికలోనూ, ఇక్కడ కొత్తగా ఏమీ పెట్టడం లేదు, ఫలానా చోట ఉంటాం, ఏదైనా అడగాలంటే ఈ నంబరుకు రాయండి అని ఒక పోస్టు పెట్టి దాన్ని పైన కనిపించేలా నిలపండి. అక్కడికి వచ్చే సందేశాల నోటిఫికేషన్లు మాత్రం మీ ఫోనుకు వచ్చేలా ఉంచండి. కొత్త పోస్టులు లేని ఖాతాను ఎవరూ తప్పుపట్టరు. అడిగిన ప్రశ్నకు నెలల తరబడి జవాబు లేని ఖాతాను చూసి మాత్రం వెనక్కి తగ్గుతారు.

ఇక ఆ 8 వేల మంది. ముందు ఇన్‌స్టాగ్రామ్ ఇన్‌సైట్స్‌లో వారి వయసు, ఊళ్లు చూడండి. ఎక్కువమంది పాతికేళ్ల లోపువారో, మీరు బల్ల పంపలేని దూరంలో ఉన్నవారో అయితే ఆ సంఖ్యను మీ మనసు మీద నుంచి దించేయండి. అలా కాకుంటే వారానికి ఒక స్టోరీలో రెండు బటన్ల ప్రశ్న వేయండి: మీ ఇంట్లో చదువుకునే వయసు పిల్లలున్నారా, ఉన్నారు, లేరు. ఎవరు ఏ బటన్ నొక్కారో మీకు కనిపిస్తుంది. ఉన్నారన్న ప్రతి ఒక్కరికీ వారి పేరుతో ఒక చిన్న సందేశం పంపండి, బల్ల మాట ఎత్తకుండా, పిల్లలు ఇప్పుడు ఎక్కడ కూర్చుని రాసుకుంటున్నారని అడగండి. జవాబు ఇచ్చినవారికి ఆ కొలతల వీడియో పంపండి.